బిట్లు వస్తే చాలదు, చరిత్ర పాఠం చెప్పడం రావాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ నోటిఫికేషన్ పడగానే కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, మోడల్ పేపర్లు, కటాఫ్ అంచనాలు పత్రికల నిండా కనిపిస్తాయి. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ మాట వినిపిస్తే ఇక చెప్పనక్కర్లేదు. సాంఘిక శాస్త్రం టీచరు కావాలనుకునే యువతకు వీటిలో బోలెడు సమాచారం దొరుకుతుంది. ఉద్యోగం వచ్చాక ఆరో తరగతి గదిలో నిలబడి చరిత్ర ఎలా చెప్పాలో మాత్రం ఎక్కడా దొరకదు. బీఈడీలో నేర్పాలి, చాలాచోట్ల నేర్పడం లేదు. పరీక్షలో అడగాలి, అడగడం లేదు. ఈ రెండు లోట్ల గురించీ, అవి తీరేలోపు అభ్యర్థులు తమంతట తాము ఏం చేసుకోవచ్చన్న దాని గురించీ రాస్తున్నాం. మేం చెప్పే అంకెలు, నిబంధనలు ప్రధానంగా తెలంగాణవి. ఆంధ్రప్రదేశ్‌లో మార్కుల విభజన కొంత మారుతుంది, పరిస్థితి మాత్రం అదే.

మొదట ఒక సంగతి. మన ప్రభుత్వ బడుల్లో 'చరిత్ర టీచరు' అనే పోస్టు లేదు. ఉన్నది స్కూల్ అసిస్టెంట్, సాంఘిక శాస్త్రం. భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఆ ఒక్కరే చెప్పాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతులున్న బడిలో సైన్సు–లెక్కలకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు కనీసం ఉండాలి. 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. చిన్న ప్రాథమికోన్నత పాఠశాలలో పోస్టింగ్ వస్తే సాంఘిక శాస్త్రంతోపాటు ఖాళీగా ఉన్న ఇంకో సబ్జెక్టు పీరియడ్లూ నెత్తిన పడతాయి. దీనికి ముందే సిద్ధపడాలి.

బీకాం చదివినవారు కూడా సోషల్ మెథడాలజీతో, అంటే ఆ సబ్జెక్టు బోధన పద్ధతులతో, బీఈడీ చేసి ఈ పోస్టులోకి రావచ్చు. అంటే ఇంటర్మీడియట్ తర్వాత చరిత్ర పుస్తకం ముట్టనివారు ఏడో తరగతికి కాకతీయుల పాఠం చెప్పాల్సి వస్తుంది. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (శిక్షణ పొందిన గ్రాడ్యుయేట్ టీచరు) సోషల్‌కు చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాల్లో రెండు డిగ్రీలో చదివి ఉండాలి, ఆ రెండింటిలో ఒకటి తప్పనిసరిగా చరిత్రో భూగోళమో అయి ఉండాలి. మంచి నిబంధన అది. బీకాం వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వారిలో మంచి టీచర్లు ఎందరో ఉన్నారు, అర్థశాస్త్రం పాఠాలు వారు చెప్పినంత తేటగా మరొకరు చెప్పలేరు. అయితే డిగ్రీలో అందని చరిత్రను బీఈడీ రెండేళ్లలోనైనా అందించాలి కదా!

దారి చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. డిగ్రీ, తర్వాత బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్. అందులో 150 ప్రశ్నలు, రెండు గంటలు. ఏ డిగ్రీ వారికైనా ఒకే పేపరు. ఆపైన రెండేళ్ల బీఈడీ. సర్టిఫికెట్లో మెథడాలజీ సోషల్ స్టడీస్ అని ఉండాలి. కౌన్సెలింగ్‌లో దొరికిన సీటు తీసుకుని వేరే మెథడాలజీలో చేరి, డీఎస్సీ దరఖాస్తు రోజున నాలుక కరుచుకునేవారు ప్రతిసారీ కనిపిస్తున్నారు. తర్వాత టెట్ పేపర్ 2: శిశు వికాసం 30, మొదటి భాష 30, ఇంగ్లిష్ 30, సాంఘిక శాస్త్రం 60, మొత్తం 150. ఆ 60లో కంటెంట్ 48, బోధన పద్ధతులు 12. జనరల్ వారికి 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే అర్హత. ఒకసారి పాసైతే జీవితకాలం చెల్లుతుంది. పనిచేస్తున్న టీచర్లకూ టెట్ తప్పదని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న తీర్పిచ్చాక ఈ పరీక్ష బరువు ఇంకా పెరిగింది.

'పాసయ్యాం కదా' అని టెట్‌ను వదిలేయడం పెద్ద పొరపాటు. డీఎస్సీ తుది ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్‌లో 95 వచ్చినవారు మళ్లీ రాసి 125 తెచ్చుకుంటే తుది లెక్కలో 4 మార్కులు కలుస్తాయి. డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కే కాబట్టి అది 8 ప్రశ్నలకు సమానం. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో నేరుగా భర్తీ చేసే వాటా 30 శాతమే, మిగతావి పదోన్నతులకు పోతాయి. అందుకే ఒక జిల్లాలో సోషల్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. అక్కడ 8 ప్రశ్నలంటే తక్కువేం కాదు. ఇంకొకటి: 95 శాతం పోస్టులు లోకల్ వారికే. లోకల్ ఏ జిల్లా అన్నది 1 నుంచి 7 తరగతుల చదువును బట్టి తేలుతుంది. ఆ చదువు ధ్రువీకరణ పత్రాలు (బోనఫైడ్లు) ముందే తీసి పెట్టుకోవాలి. చిన్నప్పుడు చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే రికార్డు ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి వారాలు పడుతుంది. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆ పని అయ్యేది కాదు.

ఇప్పుడు అసలు విషయం. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పేపరు 160 ప్రశ్నలు, 80 మార్కులు, రెండున్నర గంటలు. జీకే 20 ప్రశ్నలు, విద్యా దృక్పథాలు 20, కంటెంట్ 88, మెథడాలజీ 32. ఇంటర్వ్యూ లేదు, డెమో (పాఠం చెప్పి చూపడం) లేదు. ఒక్కో ప్రశ్నకు నిమిషం కూడా దొరకదు. దాంతో తయారీ అంతా బిట్ల చుట్టూ తిరుగుతోంది. ఏ యుద్ధం ఏ సంవత్సరం, ఏ శాసనం ఎవరిది, ఏ కమిటీకి అధ్యక్షుడెవరు. మెథడాలజీలోనూ అంతే: హెర్బార్ట్ చెప్పిన పాఠబోధన సోపానాల వరుస, బ్లూమ్ బోధన లక్ష్యాల వర్గీకరణలో ఏది దేని తర్వాత, ఫలానా నిర్వచనం ఎవరిది. ఇవన్నీ నోటికొచ్చిన అభ్యర్థి మంచి ర్యాంకుతో బడిలో అడుగుపెట్టి, పాఠం పిల్లల చేత చదివించి, గైడులోని ప్రశ్నలు–జవాబులు బోర్డు మీద రాయించి పీరియడ్ ముగిస్తే ఆ తప్పు అతనిదేనా? ఎంపికలో అతన్ని మరొకటి అడిగినవారు లేరు.

మధ్య తరగతుల్లో, అంటే 6, 7, 8లో, చరిత్ర చెప్పడానికి కావాల్సిన నేర్పులు నాలుగే నాలుగు: కాలం చూపించడం, పటం గీయించడం, ఆధారం ముందు పెట్టి ప్రశ్న అడగడం, గొడవ ఉన్న విషయాన్ని దాచకుండా చెప్పడం. ఒక్కొక్కటీ ఎక్కడ చెడుతుందో, ఎలా సరిచేయవచ్చో రాస్తాం.

కాలం సంగతి. పదకొండేళ్ల పిల్లలకు వెయ్యేళ్లంటే ఎంతో తెలియదు. 'చాలా ఏళ్ల క్రితం' అన్న ఒకే మూటలో హరప్పా, అశోకుడు, తాతయ్య చిన్నతనం అన్నీ పడేస్తారు. పైగా క్రీస్తు పూర్వం లెక్క వెనక్కి నడుస్తుంది, క్రీ.పూ. 300 కంటే క్రీ.పూ. 261 తర్వాత వచ్చిందంటే తికమక పడతారు. పుస్తకంలో ఒకచోట క్రీ.పూ., మరోచోట సా.శ.పూ. (సామాన్య శకానికి పూర్వం) కనిపిస్తే రెండూ వేర్వేరు అనుకుంటారు. ఇది నోటితో చెబితే తేలేది కాదు, గోడ మీద చూపాలి. సెంటీమీటరుకు 10 ఏళ్లు చొప్పున పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపులు అతికించి పట్టీ చేస్తే, పరిణత హరప్పా దశ మొదలైన క్రీ.పూ. 2600 నుంచి నేటిదాకా నాలుగున్నర మీటర్ల పైచిలుకు వస్తుంది. ఇరవై అడుగుల గోడకు చక్కగా సరిపోతుంది. దాని మీద కళింగ యుద్ధం జరిగిన క్రీ.పూ. 261 గుర్తు పెట్టించండి. అది ఇంచుమించు పట్టీ మధ్యలో పడుతుంది! హరప్పా అశోకుడికి ఎంత పాతదో, అశోకుడు మనకు అంత పాతవాడు. స్వాతంత్ర్యం వచ్చింది చివరి నుంచి 8 సెంటీమీటర్ల లోపే. ఆ జానెడు కూడా లేని ముక్కలోనే తమ తాతలు, అమ్మానాన్నలు, తాము అందరూ ఉన్నారని పిల్లలు వేళ్లతో కొలిచి చూసుకుంటారు. కాలం అప్పుడు అర్థమవుతుంది.

రెండు జాగ్రత్తలు. సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత వచ్చేది క్రీ.శ. 1. కాబట్టి రెండు శకాల మీదుగా ఏళ్లు లెక్కపెట్టేటప్పుడు రెండు అంకెలూ కూడి 1 తీసేయాలి. ఇక 13వ శతాబ్దం అంటే 1201 నుంచి 1300 వరకు. '1289 అంటే 12వ శతాబ్దం' అని రాసే పిల్లలు పదో తరగతిలోనూ ఉంటారు, ఎందుకంటే ఆరులో ఎవరూ పట్టించుకోలేదు.

పటం గురించి పొట్టిగా చెబుతాం. అచ్చు పటం ఇచ్చి రంగులు వేయించడం పటనైపుణ్యం కాదు. ముందు నదులు గీయించాలి: గోదావరి, కృష్ణ, తుంగభద్ర. ఆ తర్వాతే ఓరుగల్లు, మోటుపల్లి, హంపి. నేటి రాష్ట్రాల సరిహద్దులున్న పటం మీద కాకతీయ రాజ్యం గీయిస్తే పిల్లలు గణపతిదేవుణ్ని 'తెలంగాణ రాజు' అనో 'ఆంధ్ర రాజు' అనో తేల్చేస్తారు. సరిహద్దుల్లేని, నదులు మాత్రమే ఉన్న పటం వాడితే ఆ తగాదాయే రాదు.

ఆధారం సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. చరిత్ర అంటే తేదీల జాబితా అనుకునే పిల్లవాడిని 'ఇది మనకెలా తెలిసింది?' అని అడిగేలా చేయగల పాఠం ఏడాదికి నాలుగైదు చెప్పినా చాలు. అందుకు దూరం వెళ్లనక్కర్లేదు. రుద్రమదేవి పాఠమే తీసుకోండి.

నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలం చందుపట్లలో ఒక శాసనం ఉంది. కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఆయన ఆ ఊరి సోమనాథ దేవుడికి భూమి దానం చేశాడని అందులో ఉంది. తేదీ శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ ద్వాదశి. చరిత్రకారుల లెక్కలో అది 1289 నవంబర్ 27. ఈ నాలుగు ముక్కలను నేటి తెలుగులో పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి గోడకు తగిలించండి. మొదట తేదీ తేల్చమనండి. శక సంవత్సరానికి 78 కలిపితే 1289. జనవరి నుంచి ఉగాది లోపు తేదీలకైతే 79 కలపాలి. మార్గశిరం నవంబర్–డిసెంబర్‌లో వస్తుంది గనుక ఇక్కడ 78. లెక్క సరిపోయిందో లేదో ఇంకో దారిలో చూడవచ్చు. తెలుగు సంవత్సరాలు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. మన ఇళ్లలో విరోధి నామ ఉగాది చేసుకున్నది 2009లో. 2009లోంచి 1289 తీసేస్తే 720. అంటే సరిగ్గా పన్నెండు అరవైలు. ఏడో తరగతి పిల్లలు ఈ లెక్క వేసి, సరిపోయిందని చూసుకున్న క్షణం నుంచి శాసనం వారికి రాయి కాదు.

తర్వాత మూడు ప్రశ్నలు. ఇది ఎవరు వేయించారు? ఎందుకు వేయించారు? ఇందులో లేనిదేమిటి? మూడోదే ముఖ్యం. రుద్రమ ఎలా మరణించిందో శాసనం చెప్పదు. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలో ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు కన్నుమూసి ఉంటారన్నది చరిత్రకారులు ఇతర ఆధారాలతో కలిపి చేసిన ఊహ. బలమైన ఊహే, అయినా శాసనంలోని మాట వేరు, దాని నుంచి తీసిన అర్థం వేరు. ఈ తేడా ఏడో తరగతిలో అందితే ఆ పిల్లలు పెద్దయ్యాక వాట్సాప్‌లో వచ్చిన ప్రతి 'చరిత్ర'నూ నమ్మరు.

రెండో ఆధారంగా మార్కోపోలో రాతను పక్కన పెట్టండి. రాజు చనిపోయాక అతని రాణి నలభై ఏళ్లుగా రాజ్యం చేస్తోందని ఆయన రాశాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. సుమారు 1262 నుంచి 1289 వరకు పాలించిందంటే నలభై ఏళ్లూ కావు. మరి ఆ యాత్రికుడు అబద్ధం రాశాడా, విన్నది రాశాడా? పిల్లలను వాదించుకోనివ్వండి. కొన్ని శాసనాల్లో ఆమెను 'రుద్రదేవ మహారాజు' అని పురుష నామంతో పిలవడం ఎందుకో కూడా ఇక్కడే అడగవచ్చు. మూడో ఆధారం, సమయం ఉంటే, మోటుపల్లి అభయ శాసనం. నేటి బాపట్ల జిల్లాలోని ఆ రేవులో గణపతిదేవుడు 1244–45లో వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు పూర్వపు రాజులు లాక్కునేవారు, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని అందులో మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైలో ఒక వంతు. 'రాజు దయగలవాడు కాబట్టి ఇలా చేశాడు' అని పిల్లలు రాస్తారు. 'వ్యాపారులు రేవుకు రాకపోతే రాజుకు ఏం నష్టం?' అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

ఈ పాఠం 45 నిమిషాల్లో ఎక్కడ చెడుతుంది? మొదటిది, మూడు ఆధారాలూ ఒకే పీరియడ్‌లో కుక్కడం. పీరియడ్‌కు ఒకటి చాలు: పది నిమిషాలు చదివి అర్థం చెప్పడానికి, పదిహేను నిమిషాలు పిల్లలు మాట్లాడుకోవడానికి, పది నిమిషాలు బోర్డు మీద తేల్చడానికి, మిగతాది నోట్సుకు. రెండోది, బీఈడీ పుస్తకంలో చెప్పారు కదా అని 45 మందిని ఆరేసి మందితో గ్రూపులు చేయడం. బెంచీలు జరిపేసరికే పది నిమిషాలు పోతాయి, పక్క తరగతి వారు ఫిర్యాదుకు వస్తారు. బెంచీలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరే ఒక జట్టు, ఒక చీటీ, ఒక జవాబు. మూడోది, పిల్లలు నోరు తెరిచే లోపే టీచరు జవాబు చెప్పేయడం. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టాలి. కొత్త టీచర్లకు ఇది చాలా కష్టం. నాలుగోది పరీక్ష. తరగతిలో ఆధారాల మీద మాట్లాడించి, పరీక్షలో 'రుద్రమదేవి గొప్పతనం గురించి రాయుము' అని అడిగితే, వచ్చే పాఠం నుంచి పిల్లలు ఆధారాన్ని పట్టించుకోరు. మన సాంఘిక శాస్త్రానికి ఆరు విద్యా ప్రమాణాలున్నాయి: విషయావగాహన, చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పటనైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం. కాగితం మీద ఎంతో బాగుంటాయి. ప్రశ్నపత్రం చూస్తే మొదటి దానికే ఎక్కువ మార్కులు పోతున్నాయి.

శాసనం మీ మండలంలోనే ఉంటే పిల్లలను తీసుకెళ్లి చూపండి. అక్షరాలు కనిపించడం లేదని సుద్దముక్క రుద్దవద్దు, పసుపు, నూనె అసలే వద్దు, రాయి దెబ్బతింటుంది. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో నిలబడితే చెక్కిన గీతల్లో నీడపడి అక్షరాలు తేలతాయి. గుడిలో ఉంటే నీడలో టార్చిలైటు పక్కనుంచి వేయాలి, ఎదురుగా కాదు. పురావస్తు సర్వేక్షణ సంస్థ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఆ సంస్థ నడిపే స్థానిక మ్యూజియాలు చాలావరకు శుక్రవారం మూసి ఉంటాయి. నాగార్జునకొండకు పిల్లలను తీసుకెళ్లి, మ్యూజియం మూసి ఉందని పడవల రేవు నుంచే వెనక్కి రాకుండా ఈ రెండూ ముందే కనుక్కోవాలి.

ఊరిలో శాసనమే లేకపోయినా చెరువు ఉంటుంది. దక్కన్‌లో నదులు లోతుగా పారతాయి, ఎత్తు మీది చేలకు అందవు, వాన నాలుగు నెలలే. అందుకే రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అన్న మాటలు పల్లె పిల్లలకు టీచరు కంటే బాగా తెలుసు. తూము ఎటు ఉంది, అలుగు దూకిన నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, నీళ్లు వదిలే నీరటికాడు ఎవరు, అతనికి ఏమిచ్చేవారు అని ఇంట్లో పెద్దలను అడిగి రమ్మంటే గొలుసుకట్టు చెరువుల పాఠం సగం వారే చెబుతారు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. షాపులో కొన్న చార్టులకు, ఇంటర్నెట్ నుంచి తీసిన ప్రింట్లకు ఆ మార్కులు పోతుంటే చూడలేకపోతున్నాం.

గొడవ ఉన్న విషయాలకు వస్తే, ఎనిమిదో తరగతిలో హైదరాబాద్ రాజ్యం చివరి రోజుల పాఠం పరీక్ష పెడుతుంది. 1948 సెప్టెంబర్ 13న సైనిక చర్య మొదలై 17న నిజాం లొంగుబాటు ప్రకటించడం వరకు తేదీల్లో తగాదా లేదు. దాన్ని ఏమని పిలవాలన్న దగ్గరే ఉంది. విమోచనం, విలీనం, పోలీసు చర్య, ఆక్రమణ: ఒక్కో ఇంట్లో ఒక్కో మాట. రజాకార్ల దాడిలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం పిల్లలూ, ఆ తర్వాతి రోజుల్లో భయంతో ఊరొదిలిన కుటుంబం పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కొత్త టీచరు చేసే తప్పు రెండు రకాలు. పాఠాన్ని ఐదు నిమిషాల్లో దాటేయడం, లేదా తన అభిప్రాయాన్నే చరిత్రగా చెప్పడం. బోర్డును రెండు చేసి, ఒకవైపు 'అందరూ ఒప్పుకునేవి', రెండోవైపు 'ఎవరు ఏమంటున్నారు, ఎందుకంటున్నారు' అని రాయించడం మంచి పద్ధతి. చేతులెత్తించి ఓటింగ్ మాత్రం పెట్టవద్దు. ఇంటి పెద్దల జ్ఞాపకాలు సేకరించమన్నప్పుడు పేర్లు తరగతిలో చదవకూడదని ముందే చెప్పాలి.

ఇంగ్లిష్ మీడియం గురించి కూడా ఒక మాట. తెలుగు మీడియంలో చదివిన అభ్యర్థులు ఈ భయంతో సగం చిక్కిపోతున్నారు. పాఠానికి ఎనిమిది పది మాటలు, డైనాస్టీ, ఇన్‌స్క్రిప్షన్, ట్రిబ్యూట్ లాంటివి, ముందురోజు బోర్డు పక్కన రాసి పెట్టండి. వివరణ తెలుగులో చెప్పి, రాత ఇంగ్లిష్‌లో రెండు మూడు వాక్యాలతో మొదలుపెట్టండి. పేజీ అంతా ఇంగ్లిష్‌లో చదివి వినిపిస్తే బోధన కాదు.

ఇవన్నీ నేర్పాల్సిన చోటు బీఈడీ. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాలు బడిలో ఉండాలి: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. జరుగుతున్నదేమిటో అందరికీ తెలుసు. కాలేజీకి రాకుండానే హాజరు పడే చోట్లున్నాయి. 16 వారాలు రికార్డులు రాయడంతో సరి, అవీ సీనియర్ల రికార్డు చూసి ఎత్తి రాసినవి. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫీజు, దూరం అడిగినట్టే, 'ఇంటర్న్‌షిప్ ఏ బడిలో, అక్కడ మా పాఠం ఎవరు చూస్తారు?' అని గత ఏడాది విద్యార్థులను అడగండి. బడిలో చేరాక మొదటి వారం పాఠం చెప్పవద్దు. వెనక బెంచీలో కూర్చుని పిల్లలు ఎక్కడ పక్కచూపులు చూస్తున్నారో రాసుకోండి. ఆ తర్వాత విడివిడి పాఠాలు కాకుండా ఒకే తరగతికి ఒక యూనిట్ మొదటి నుంచి చివరి దాకా చెప్పి, మీరే ప్రశ్నపత్రం తయారుచేసి, మీరే దిద్దండి. నలభై నోటుపుస్తకాలు దిద్దితే మన పాఠంలో ఏది అందలేదో అదే చెబుతుంది.

డీఎస్సీకి చదివేవారు కూడా బిట్ బ్యాంకు తెరవకముందు 6 నుంచి 10 వరకు ఐదు పాఠ్యపుస్తకాలు రెండుసార్లు, పటం పక్కన పెట్టుకుని చదవాలి. ప్రతి చరిత్ర పాఠానికి 'ఇది తెలిసింది ఏ ఆధారంతో' అని ఒక పంక్తి రాసుకుంటే పరీక్షకూ పనికొస్తుంది, రేపు తరగతికీ పనికొస్తుంది.

ఇక ప్రభుత్వానికి మా వినతి. డెమో పెట్టమని మేం అడగడం లేదు. ఇన్ని వేల మందికి డెమో పెడితే సిఫార్సులు, అనుమానాలు, కోర్టు కేసులు తప్పవు. రాత పరీక్షే ఉండనివ్వండి, ఆ 32 మెథడాలజీ ప్రశ్నల తీరు మార్చండి. 'క్రీ.పూ. 261 తర్వాత క్రీ.పూ. 300 వస్తుందని ఒక విద్యార్థి రాశాడు. అతని పొరపాటుకు కారణం ఏది, తర్వాతి పీరియడ్‌లో ఏం చేయించాలి?' అని నాలుగు ఎంపికలతో అడగవచ్చు. శాసనం నుంచి మూడు పంక్తులిచ్చి, 'ఈ కిందివాటిలో శాసనం చెప్పనిది ఏది?' అనవచ్చు. పిల్లవాడు గీసిన పటం ఇచ్చి తప్పు పట్టమనవచ్చు. కంప్యూటర్ మీద దిద్దడానికి వీటితో ఏ ఇబ్బందీ లేదు. పేపరు మారితే కోచింగ్ సెంటర్లు నెల తిరక్కుండా మారతాయి, వాటి వెనకే బీఈడీ కాలేజీలు.

అలాగే 6, 7, 8 తరగతుల ప్రతి చరిత్ర పాఠానికి ఒక ఆధారాన్ని నేటి తెలుగులో, ఇంగ్లిష్‌లో, ఒకే పేజీలో, ఫొటోతో రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఎస్‌సీఈఆర్‌టీ విడుదల చేయాలి. శాసనాల పాఠాలు ప్రభుత్వ ప్రచురణల్లో ఏనాడో అచ్చయి ఉన్నాయి. వాటిని ఏరి, పిల్లలకు అర్థమయ్యే భాషలో పెట్టడానికి జిల్లాకు ఇద్దరు సోషల్ టీచర్లకు వేసవి సెలవుల్లో డ్యూటీ వేస్తే చాలు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి మొదటి విడతగా ఏడో తరగతి పాఠాలైనా అందించాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు,
నల్లగొండ జిల్లా